పాల ప్యాకెట్ రంగు మారిందా, కన్ను మారిందా?

పెరంబూరులో మా వీధి చివర పాల బూత్ ఉంది. అమ్మ రోజూ తెల్లవారుతుండగానే సంచీ పట్టుకుని వెళ్లి ఆవిన్ పాలు తెచ్చేది. నాన్నకు కొలెస్ట్రాల్ ఎక్కువ, అందుకని మా ఇంట్లో ఎప్పుడూ వెన్న తక్కువుండే నీలం ప్యాకెట్టే. ఒక వేసవిలో వారానికి రెండు మూడుసార్లు ఆకుపచ్చ ప్యాకెట్ రావడం మొదలైంది. "ఆ బూత్ అబ్బాయి నిద్రమత్తులో ఏదో ఒకటి చేతిలో పెట్టేస్తున్నాడే" అని అమ్మ విసుక్కునేది. నేనూ నమ్మాను. ఒకరోజు తోడు వెళ్తే తెలిసింది, అబ్బాయి ఏమీ ఇవ్వడం లేదు. మసక ట్యూబులైటు కింద పక్కపక్కనే పెట్టిన రెండు ట్రేల్లోంచి అమ్మే వంగి, చూసి, ఏరి తెచ్చుకుంటోంది.

ఇంటికొచ్చాక రెండు ప్యాకెట్లూ వంటగట్టు మీద పెట్టి "నీలం ఏదమ్మా?" అని అడిగాను. కాసేపు చూసి "రెండూ ఒకలాగే ఉన్నాయి కదే" అంది. అవే ప్యాకెట్లు బాల్కనీలోకి, ఎండలోకి తీసుకెళ్తే వెంటనే సరిగ్గా చెప్పింది.

నేను ఆప్టోమెట్రిస్టుని. చెన్నైలో పదిహేడేళ్లుగా కళ్లు పరీక్షిస్తున్నాను. వయసు పెరిగేకొద్దీ మొదట తగ్గేది నీలమే అని ఎంతోమందికి చెప్పినదాన్ని. అమ్మ కంట్లో అదే జరుగుతుంటే గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది. అమ్మకైతే అసలు తెలియనే తెలియదు. ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ముడి ఇదే. చూపు మసకబారితే మనకు తెలుస్తుంది, నొప్పి వస్తే తెలుస్తుంది. రంగు మెల్లగా పోతే మాత్రం పోగొట్టుకున్నవాళ్లకి తెలియదు. దేంతోనైనా పోల్చి చూసినప్పుడే బయటపడుతుంది. ఒక కంటిని ఇంకో కంటితో, ఈ వెలుతురుని ఆ వెలుతురుతో, మన మాటని పక్కవాళ్ల మాటతో.

రంగులు తెలియకపోవడం అనగానే అందరికీ పుట్టుకతో వచ్చే కలర్ బ్లైండ్‌నెస్ గుర్తుకొస్తుంది. అది ఎక్కువగా మగవాళ్లలో ఉంటుంది, రెండు కళ్లలోనూ సమానంగా ఉంటుంది, జీవితాంతం అలాగే ఉంటుంది. నడివయసులోనో ముసలితనంలోనో వచ్చేది వేరే జాతి. ఆడా మగా తేడా లేదు. ఒక కంటికి ఎక్కువ, ఇంకో కంటికి తక్కువ కావచ్చు. పెరగవచ్చు, తగ్గవచ్చు. దాని వెనక ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణం కంటిపాప దగ్గర మొదలుకుని తల వెనక భాగం దాకా ఉన్న దారిలో ఎక్కడైనా ఉండొచ్చు. ఏ రంగు ఎలా పోయిందన్నదే చాలాసార్లు ఆ చోటు చూపిస్తుంది.

పచ్చకామెర్ల సామెత

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మనుషుల మనస్తత్వం గురించి చెప్పేటప్పుడు బాగా అతికే మాట. కంటి సంగతిగా చూస్తే మాత్రం నిజం కాదు. కామెర్లలో పసుపెక్కేది తెల్లగుడ్డు. వెలుతురు లోపలికి వెళ్లే దారి అది కాదు.

వెలుతురు దారిలో నిజంగా పసుపెక్కేది లెన్స్. కంటిపాప వెనక ఉండే ఆ పారదర్శకమైన గింజ చిన్నతనంలో నీటిబొట్టులా ఉంటుంది. దాంట్లోని ప్రొటీన్లు పుట్టినప్పటివే, మళ్లీ మళ్లీ కొత్తవి రావు. ఏళ్ల తరబడి అవి మార్పు చెంది, ముద్ద కట్టి, నలభై దాటాక లేత పసుపుకి, డెబ్భైకి వచ్చేసరికి కొందరిలో తేనె రంగుకి, ఇంకా ముదిరితే కాఫీ డికాక్షన్ రంగుకి తిరుగుతాయి. పసుపు అద్దం నీలాన్ని ఆపేస్తుంది. దానికి తోడు వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో కూడా పెద్దగా విచ్చుకోదు. ఈ రెండూ కలిసి, ఇరవై ఏళ్ల కంట్లో రెటీనాకి అందే వెలుతురులో సుమారు మూడో వంతే అరవై ఏళ్ల కంటికి అందుతుంది. ఆ తగ్గిన దాంట్లో కూడా ఎక్కువ కోత నీలానికే.

మరి తేనె రంగు అద్దంలోంచి చూస్తున్న మా అమ్మకి లోకం పసుపుగా ఎందుకు కనబడలేదు? మల్లెపూలు తెల్లగానే ఉన్నాయంది. నాన్న పంచె తెల్లగానే ఉందంది. అబద్ధం కాదు. మెదడు తనకు అందే వెలుతురు సగటుని చూసుకుంటూ, ఇదే తెలుపు అని రోజూ లెక్క సరిచేసుకుంటూ పోతుంది. పసుపు ఏడాదికి రవ్వంత చొప్పున పెరుగుతుంటే మెదడు కూడా అంతే చొప్పున తీసివేస్తుంది. అందుకే తెలుపు తెలుపుగానే నిలబడుతుంది.

అయితే ఈ సర్దుబాటుకి ఒక హద్దు ఉంది. మెదడు ఉన్నదాన్ని సరిదిద్దగలదు గానీ అసలు లోపలికే రాని వెలుతురుని పుట్టించలేదు. నీలానికీ ఆకుపచ్చకీ, నేరేడుకీ నలుపుకీ, లేత పసుపుకీ తెలుపుకీ ఉండే తేడా ఆ నీలపు వెలుతురు మీదే ఆధారపడి ఉంటుంది. తెలుపు పదిలంగా ఉన్నట్టు అనిపిస్తూనే ఈ తేడాలు ఒక్కొక్కటిగా చెరిగిపోతాయి. మా అమ్మ పాల ప్యాకెట్ల దగ్గర పడిన తికమక అదే. టి.నగర్‌లో పట్టుచీరల దుకాణానికి వెళ్లి నెమలికంఠం రంగు అనుకుని చిలకపచ్చ తెచ్చుకున్న పెద్దవాళ్లని చూశాను. వాళ్లని ఎవరూ మోసం చేయలేదు. చీరని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూసే పాత అలవాటు ఉందే, డెబ్భై ఏళ్ల కంటికి అది నిజంగా అవసరం.

క్లోద్ మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడికి 1912లో రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని, అంటే లెన్స్ ఇలా ముదిరి మసకబారిందని తేల్చారు. రంగులతోనే బతికిన మనిషి, ట్యూబుల మీద పేర్లు చదువుకుని, పలక మీద ఎప్పుడూ ఒకే వరసలో రంగులు పెట్టుకుని బొమ్మలు వేసే స్థితికి వచ్చాడు. ఆ కాలపు బొమ్మల్లో ఎరుపూ గోధుమ రంగూ ముసురుకున్నాయి. 1923లో కుడి కంటికి ఆపరేషన్ చేశారు. పొర తీశాక ఆ కంటికి అంతా నీలంగా కనబడుతోందని గగ్గోలు పెట్టాడు. మెదడు ఏళ్ల తరబడి పసుపుని తీసివేయడానికి అలవాటు పడి ఉంది, ఇప్పుడు పసుపు లేదు, తీసివేత మాత్రం ఆగలేదు. మిగిలింది నీలం. ఇప్పుడు శుక్లం ఆపరేషన్ అయినవాళ్లలో చాలామంది మొదటి రోజుల్లో "ట్యూబులైటు ఇంత తెల్లగా ఉండేదా?" అని ఆశ్చర్యపోవడం ఇందుకే. ఆ నీలపు ఛాయ వారాల్లో, కొందరిలో కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

నీలం ముందు పోవడానికి లెన్స్ ఒక్కటే కారణం కాదు. రెటీనాలో రంగుని పట్టే కోన్ కణాలు సుమారు 60 లక్షలు ఉంటాయి, మూడు రకాలు. ఎరుపు వైపు, ఆకుపచ్చ వైపు స్పందించేవే ఎక్కువ. నీలం వైపువి మొత్తంలో పదో వంతు కూడా ఉండవు, చూపు సూటిగా పడే నడిబిందువులో అసలే ఉండవు. తక్కువమంది ఉన్న ఊళ్లో నలుగురు పోయినా లోటు తెలుస్తుంది కదా, నీలం పరిస్థితి అది. షుగరు వ్యాధి రెటీనాని తాకినప్పుడు, నీటికాసులు అని మనం పిలిచే గ్లకోమాలో, రెటీనా మధ్యభాగం అరిగినప్పుడు కూడా నీలం-పసుపు తేడాయే ముందు దెబ్బ తినడం మామూలు.

ఇక్కడ నన్ను చాలా ఏళ్లుగా బాధపెడుతున్న సంగతి ఒకటి చెప్పాలి. రంగు పరీక్ష అనగానే చుక్కల మధ్య అంకెలు దాగిన ఇషిహారా పుస్తకం తీస్తారు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన పరీక్ష అది. సైన్యంలో చేరేవాళ్లలో పుట్టుకతో వచ్చే ఎరుపు-ఆకుపచ్చ లోపాన్ని పట్టడానికి తయారైంది, ఆ పని చక్కగా చేస్తుంది. నీలం-పసుపు లోపాన్ని పట్టడానికి అది చేసినది కాదు. డెబ్భై ఏళ్లావిడ అంకెలన్నీ గడగడా చదివేస్తే "మీ రంగులు భేషుగ్గా ఉన్నాయమ్మా" అని పంపేస్తారు. ఆవిడ ఇంటికెళ్లి నీలం మాత్రకి బదులు ఆకుపచ్చ మాత్ర వేసుకుంటుంది. రంగు బిళ్లల్ని వరసగా పేర్చే పరీక్షలు ఉన్నాయి, ఫార్న్స్‌వర్త్ అనే అమెరికన్ 1940లలో తయారుచేసినవి. వాటికి కాస్త టైమ్ పడుతుంది, అంతే. అడిగి చేయించుకోవచ్చు.

ఎరుపు వెలిసిపోయినప్పుడు

లెన్స్ సంగతి వదిలి రెటీనా దాటి వెనక్కి వెళ్తే కంటి నరం వస్తుంది. సుమారు 10 లక్షల సన్నని తీగల కట్ట. రెటీనాలోనే మూడు రకాల కోన్‌ల సంకేతాలనీ ఒకదానితో ఒకటి పోల్చేసి, ఎరుపా ఆకుపచ్చా, నీలమా పసుపా, వెలుగా చీకటా అన్న తేడాలుగా మార్చి ఈ తీగల్లో పంపుతుంది కన్ను. ఎరుపు-ఆకుపచ్చ తేడాని మోసేవి చూపు నడిబిందువు నుంచి వచ్చే బాగా సన్నటి పోగులు. నరానికి వాపు వచ్చినా, విషం సోకినా, పోషణ తగ్గినా ముందు కుదేలయ్యేది సాధారణంగా ఇవే. రెటీనా జబ్బులో నీలం-పసుపు, నరం జబ్బులో ఎరుపు-ఆకుపచ్చ అని 1912లో జర్మన్ వైద్యుడు కోల్నర్ గమనించి చెప్పాడు. ఇప్పటికీ దాన్ని కోల్నర్ సూత్రం అనే పాఠం చెబుతారు. దీనికి మినహాయింపులున్నాయి, గ్లకోమా నరం జబ్బే అయినా నీలాన్ని ముందు దెబ్బ కొట్టడం వాటిలో పెద్దది. అయినా రోజువారీ పనిలో ఈ సూత్రం నాకు ఎన్నోసార్లు దారి చూపింది.

ఒకసారి ఐటీ కంపెనీలో పనిచేసే నెల్లూరు అమ్మాయి వచ్చింది. ఎడమ కంటి చూపు కొంచెం మసకగా ఉంది, కన్ను పక్కకి తిప్పితే నొప్పి. కంప్యూటర్ ముందు ఎక్కువసేపు కూర్చోవడం వల్లేమో అంది. కంటిపాప పెద్దది చేసే చుక్కల మందు సీసాకి ఎర్ర మూత ఉంటుంది. ఆ మూతనే పట్టుకుని ఒక కన్ను మూయించి చూపించాను, తర్వాత రెండోది.

"రెండు కళ్లకీ ఒకే ఎరుపా?"

"లేదక్కా. కుడి కంటికి టమాటా పండులా ఉంది. ఎడమ కంటికి… పాత ఇటుకలా ఉంది."

"కుడి కంటి ఎరుపు వంద రూపాయలు అనుకో. ఎడమ కంటి ఎరుపుకి ఎంత ఇస్తావు?"

ఆ అమ్మాయి మళ్లీ ఒకటికి రెండుసార్లు మార్చి మార్చి చూసుకుంది. "నలభై" అంది. ఆ మాటతో ఆమె మొహంలో టెన్షన్ మొదలైంది, నాకూ మొదలైంది. అదే రోజు కంటి నరాల డాక్టర్ దగ్గరికి పంపాను.

అది ఆప్టిక్ న్యూరైటిస్, కంటి నరం వాపు. తీగ మీద ప్లాస్టిక్ తొడుగులా నరాల పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. శరీరపు రోగనిరోధక శక్తే పొరబడి ఆ పొర మీద దాడి చేస్తుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల లోపు ఆడవాళ్లలో కనబడుతుంది. కొందరిలో ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి మొదటి అడుగు. ఆ జబ్బుతో సంబంధం లేని, ఇంకా తీవ్రమైన కొన్ని రకాలు మన దేశంలో కూడా కనబడతాయి, వాటికి రక్తపరీక్షలున్నాయి. కన్ను కదిపితే నొప్పి పదిమందిలో తొమ్మిదిమందికి ఉంటుంది. అక్షరాల చార్టు మీద చూపు బాగానే ఉన్నా ఎరుపు వెలిసిపోయి ఉండొచ్చు, చూపు తిరిగొచ్చాక కూడా ఎరుపు పూర్తిగా రాకపోవచ్చు. అందుకే చార్టు ఒక్కదాన్ని నమ్మకూడదు.

చెన్నై ఎండతో దీనికో సంబంధం ఉంది. పొర ఊడిన నరంలో వేడి పెరిగితే సంకేతం ఇంకా తడబడుతుంది. 1890లో ఉత్హాఫ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు. మే నెల మధ్యాహ్నం బస్సు దిగి నడిచొస్తే, వేడినీళ్లతో తలస్నానం చేస్తే, మెట్లెక్కితే రంగులు పాలిపోయి, నీడలో కూర్చున్నాక మళ్లీ వస్తాయి. ఆ నెల్లూరు అమ్మాయి తర్వాత ఒకసారి "ఎండలోంచి వస్తే అద్దంలో నా బొట్టు వెలిసిపోయి కనబడుతోందక్కా" అంది. అది నీరసమని నిమ్మరసం తాగి ఊరుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇంకో మాట. నరం వాపు అనగానే మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కుని మింగేవాళ్లున్నారు. మామూలు మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో వాపు మళ్లీ రావడం ఎక్కువైందని అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో 1992లోనే తేలింది. మొదట సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కించే మందు వేరు, దాని లెక్క వేరు. దయచేసి సొంత వైద్యం చేసుకోవద్దు.

ఎరుపు వెలవడానికి ఇంకో కారణం మన దగ్గర చాలా ఇళ్లలో ఉంది, టీబీ మందు. క్షయకి శానిటోరియంలో నెలల తరబడి పడుకోనక్కర్లేదు, ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే నయమవుతుందని ప్రపంచానికి నిరూపించింది ఈ ఊరే. 1956లో చేట్‌పట్‌లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం ఆ పని చేసింది, 1959లో ఫలితాలు బయటికొచ్చాయి. ఇప్పుడు మన ప్రభుత్వ కార్యక్రమంలో మామూలు టీబీకి ఇచ్చే ఆరు నెలల మందుల్లో ఇథాంబ్యుటాల్ ఆరు నెలలూ ఉంటుంది. ప్రాణాలు నిలబెట్టే మందు. కొద్దిమందిలో మాత్రం అది కంటి నరాన్ని తాకుతుంది, సాధారణంగా మొదలుపెట్టిన రెండు నెలల తర్వాత. మోతాదు ఎక్కువైతే, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే ముప్పు పెరుగుతుంది. తొలి గుర్తు చాలాసార్లు ఎరుపు-ఆకుపచ్చ తేడా మసకబారడమే. రెండు కళ్లకీ ఒకేసారి వస్తుంది కాబట్టి ఒక కంటిని ఇంకో కంటితో పోల్చే చిట్కా ఇక్కడ పనిచేయదు. పోల్చాల్సింది నిన్నటితో.

వైద్యం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడు కాపలా కూడా ఇంటికే రావాలి. మందు మొదలుపెట్టిన రోజునే ఇంట్లో ఉన్న ఎర్రటి, ఆకుపచ్చటి వస్తువులు రెండు ఎంచుకుని వారానికొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో చూడమని చెబుతాను. ఎండుమిరపకాయ, పచ్చిమిరపకాయ చాలు. తేడా అనిపిస్తే మందు ఇచ్చే చోట వెంటనే చెప్పాలి, ఆపాలా మార్చాలా అన్నది వాళ్లు తేలుస్తారు. త్వరగా పట్టుకుంటే చాలామందిలో చూపు తిరిగొస్తుంది, ఆలస్యమైతే రాకపోవచ్చు. సొంతంగా మందులన్నీ మానేస్తే టీబీ ముదిరిపోతుంది, అది ఇంకా ప్రమాదం.

బి12 లోపం, పొగాకు, కల్తీసారాలోని మిథనాల్ కూడా ఇదే నరాన్ని దెబ్బ కొడతాయి. ఏళ్ల తరబడి పూర్తి శాకాహారం తింటూ కాళ్లు తిమ్మిర్లెక్కే పెద్దవాళ్లకి ఎరుపు కూడా పాలిపోతుంటే బి12 చూపించుకోవాలి.

వణుకు రాకముందే

పార్కిన్సన్స్ అనగానే చేతుల వణుకు గుర్తుకొస్తుంది. ఆ జబ్బులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనం మెదడులోనే కాదు, రెటీనాలో కూడా ఉంటుంది. అక్కడ అది కణాల మధ్య సంకేతాల పదును చూసుకుంటుంది. అది తగ్గితే దగ్గర దగ్గరి ఛాయల మధ్య తేడా పట్టడం కష్టమవుతుంది, ఎక్కువగా నీలం-పసుపు వైపు. నిద్రలో కలలకు తగ్గట్టు అరుస్తూ, చేతులూ కాళ్లూ విసిరే ఒక రకం నిద్ర జబ్బు ఉంది. అది ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తే, రంగుల తేడా, వాసన పట్టడంలో వెనకబడినవాళ్లే ఎక్కువగా పార్కిన్సన్స్ వైపు వెళ్లారు. చేతులు వణకడానికి చాలా ముందే.

అలాగని కనకాంబరం రంగుని నారింజ అన్నవాళ్లందరికీ పార్కిన్సన్స్ వస్తుందని భయపడకండి. పార్కిన్సన్స్ వచ్చే వయసూ లెన్స్ పసుపెక్కే వయసూ ఒకటే. పైగా రంగు బిళ్లలు పేర్చే పరీక్షలో ఓపిక, జ్ఞాపకం, చేతి నేర్పు అన్నీ కావాలి. చేయి వణికేవాళ్లూ మతిమరుపు ఉన్నవాళ్లూ తప్పులు చేస్తే అందులో కంటి తప్పు ఎంతో, మిగతావాటి తప్పు ఎంతో విడదీయడం కష్టం. రంగు పరీక్ష ఒక్కదానితో ఈ జబ్బుని తేల్చేస్తామని ఎవరైనా అంటే నేను నమ్మను.

అల్జైమర్స్‌లో సమస్య ఇంకాస్త వెనక, మెదడులో ఉంది. ఛాయల తేడాతో పాటు ఒక వస్తువుని దాని వెనకున్నదాని నుంచి విడదీసి చూడటం తగ్గుతుంది. బోస్టన్‌లో కొందరు పరిశోధకులు 2004లో ప్రచురించిన చిన్న ప్రయోగం నాకు చాలా ఇష్టం. ముదిరిన అల్జైమర్స్ ఉన్న తొమ్మిదిమంది మగవాళ్లకి తెల్ల పళ్లేలకి బదులు ముదురు ఎరుపు పళ్లేల్లో, గ్లాసుల్లో పెట్టారు. తిండి 25 శాతం, పానీయాలు 84 శాతం పెరిగాయి. ముదురు నీలం కూడా పనిచేసింది, లేత రంగులు పనిచేయలేదు. తొమ్మిదిమందితో చేసిన పరీక్షే, పెద్ద సూత్రాలు లాగకూడదు. కానీ ఇది చదివినప్పుడు మా మేనత్త గుర్తుకొచ్చింది. చివరి రెండేళ్లు తెల్ల మెలమైన్ పళ్లెంలో పెరుగన్నం పెడితే ముట్టేది కాదు, మొండికేస్తోందని అందరం విసుక్కున్నాం. పండగనాడు అరిటాకులో అదే పెరుగన్నం పెడితే తానే కలుపుకుని తినేది. ఆకులో తినడం ఇష్టమేమో అనుకున్నాం. ఆకుపచ్చ మీద తెల్లన్నం ఆవిడకి కనబడిందన్నది మాకు తట్టలేదు.

పచ్చ అంటే ఏ రంగు?

కన్నూ నరమూ బాగుండి, మెదడులో రంగు తయారయ్యే చోటే దెబ్బ తింటే ఏమవుతుంది? తల వెనక అడుగు భాగంలో, చెవులకి కాస్త వెనగ్గా, రంగుని పోగుచేసే ప్రాంతం ఉంది. లూయీ వెరే అనే స్విస్ కంటి వైద్యుడు 1888లో ఒకామెను వర్ణించాడు. పక్షవాతం తర్వాత ఆమెకి చూపులో కుడి సగం మాత్రమే రంగు కోల్పోయింది. ఎడమ పక్క లోకం రంగుల్లో, కుడి పక్క బూడిదలో. ఆమె పోయాక మెదడు చూస్తే ఎడమవైపు అదే ప్రాంతంలో దెబ్బ కనబడింది. రంగుకి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందన్న మాటని ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పెద్దపెద్ద వైద్యులే ఒప్పుకోలేదు. 1970లలో సెమీర్ జెకి అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మెదడులో రంగుకి స్పందించే ప్రాంతాన్ని చూపించాక వెరే రాసినదాన్ని మళ్లీ తీసి చదివారు. రెండు వైపులా దెబ్బ తిన్నవాళ్లకి లోకమంతా పాత సినిమాలా అయిపోతుంది. పక్కనే మొహాలు గుర్తుపట్టే ప్రాంతం ఉండటంతో చాలామందికి ఇంట్లోవాళ్లని మొహం చూసి పోల్చుకోవడం కూడా పోతుంది, గొంతు వింటే గాని తెలియదు.

ఇంకొందరికి రంగు కనబడుతుంది, పేరే రాదు. రెండు ఒకే రంగు ముక్కలు జత చేయమంటే చేస్తారు, ఏ రంగని అడిగితే తప్పు చెబుతారు. రంగుకీ మాటకీ మధ్య దారి తెగింది. ఇంకో రకంలో ఎదురుగా ఉన్నది సరిగ్గా చెబుతారు గానీ, కళ్లు మూసుకుని పండిన అరటిపండు ఏ రంగో చెప్పమంటే చెప్పలేరు. చూడటం, పేరు పెట్టడం, గుర్తుంచుకోవడం మూడూ మూడు చోట్ల జరిగే పనులు.

మన ఊళ్లో ఈ పరీక్షకి మరో చిక్కుంది. స్ట్రోక్ వచ్చి తేరుకుంటున్న ఒక తెలుగు పెద్దాయన్ని కొత్తగా చేరిన తమిళ అమ్మాయి పరీక్షిస్తోంది. పసుపు రంగు మూత చూపించి ఏ రంగని అడిగింది. "పచ్చ" అన్నాడాయన. తమిళంలో పచ్చై అంటే ఒక్క ఆకుపచ్చే, పసుపుకి మంజళ్ అనే వేరే మాట ఉంది. పసుపుని ఆకుపచ్చ అంటున్నాడని ఆ అమ్మాయి రాసేసుకుంది. మనకి పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ. చాలా ఇళ్లలో పచ్చ చీర అంటే పసుపు చీరే. నేను ఆయన ముందు పది మూతలు పోసి "తాతగారూ, దీని జత ఏదో తీయండి" అన్నాను. తడుముకోకుండా పసుపు మూత తీశాడు. "పండిన అరటిపండు ఎట్లా ఉంటుంది?" అంటే "పచ్చగా ఉంటుంది, కాయ ఆకుపచ్చ" అన్నాడు. ఆయన రంగులు పదిలంగా ఉన్నాయి. లేని లోపాన్ని ఆయన కాగితాల మీదికి ఎక్కించబోయాం. అప్పటి నుంచి పేరు అడగడం కన్నా ముందు జత అడుగుతున్నాను. తెలుగువాళ్లు ఉన్న ప్రతి పరీక్షగదిలో ఇది చెప్పాలని ఉంటుంది నాకు.

ఎప్పుడు పరుగెత్తాలి? రంగులు హఠాత్తుగా మారితే, చూపులో ఒక పక్క సగం పోతే, దాంతో పాటు మూతి వంకరపోవడం, మాట తడబడటం, చేయి పడిపోవడం ఉంటే ఆ నిమిషమే 108కి ఫోన్ చేయాలి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదది. ఒక కంటికి ఎరుపు వెలిసి, కన్ను కదిపితే నొప్పి ఉంటే ఆ రోజే చూపించుకోవాలి. ఏళ్ల మీద నీలం మెల్లగా తగ్గితే కంగారు లేదు, కానీ పట్టించుకోవాలి. గుండె జబ్బుకి డిజాక్సిన్ వాడుతూ అంతా పసుపుగా కనబడుతోందంటే మోతాదు ఎక్కువైందేమో డాక్టర్ని అడగాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రల డబ్బాలు రంగుని బట్టి పెట్టకండి, పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మెట్ల అంచుకి ముదురు పట్టీ అంటించండి. గ్యాస్ పొయ్యి సన్నగా పెట్టినప్పుడు ఆ నీలి మంట, మధ్యాహ్నం వెలుతురున్న వంటింట్లో మా అమ్మకి కనబడేదే కాదు. చీర కొంగు అంటుకోబోయిన రోజు తర్వాత మేం పొయ్యిని గోడకి ఆనించి నీడపట్టుకి మార్చాం.

అమ్మకి ముందు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, పాత లెన్స్ తీసి కొత్తది పెట్టారు. కట్టు విప్పిన సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఒక కన్ను మూసి, ఇంకోటి తెరిచి, మళ్లీ మార్చి, పాల ప్యాకెట్ని అరగంట చూసింది. "ఈ కంటికి సముద్రంలా ఉందే. ఆ కంటికి చెరువు నీళ్లలా ఉంది. ఇన్నాళ్లూ చెరువునే సముద్రం అనుకున్నానా?" అంది. తర్వాత బీరువా తీసి చీరలన్నీ మంచం మీద పరిచింది. నల్లదనుకుని తద్దినాలకి దూరంగా పెట్టిన చీర ముదురు వంగపండు రంగని అప్పుడు తేలింది.

మూడు నెలలకి రెండో కన్ను కూడా అయింది. ఇంకో నాలుగు నెలలు గడిచాక ఒకరోజు దిగులుగా వచ్చి, "మొదట్లో కనబడిన ఆ నీలం ఇప్పుడు లేదే. మల్లెపూలు మళ్లీ మామూలు తెలుపైపోయాయి. పొర మళ్లీ వచ్చిందేమో చూడవే" అంది. చూశాను. రెండు లెన్సులూ అద్దంలా ఉన్నాయి. రంగు బిళ్లలు ఇస్తే నీలం వైపువన్నీ ఒక్క తప్పు లేకుండా పేర్చింది. మెదడు తన తెలుపుని కొత్త లెన్సుకి తగ్గట్టు మళ్లీ సరిచేసుకుంది, అంతే. ఆ మాట చెబితే అమ్మకి సగమే నమ్మకం కుదిరింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటగట్టు మీద నీలం ప్యాకెట్ ఉంది.